గొట్టానికి రెండు కొసలు

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పెద్దా చిన్నా అందరూ జాగ్రత్తమ్మ అనే పిలిచేవారు. ఆరోగ్యకేంద్రం వాళ్లు ఆ వీధికీ, దాని వెనక వీధికీ ఆమెను కార్యకర్తగా వేశారు. పొద్దున్నే మూతికి మాస్కు, మెడలో కార్డు, చేతిసంచిలో జ్వరం చూసే పరికరం, ఒంట్లో ప్రాణవాయువు ఎంతుందో చూడడానికి వేలికి తగిలించే క్లిప్పు పెట్టుకుని బయల్దేరేది. ప్రతి గుమ్మానికీ అల్లంత దూరంలో నిలబడి, పాఠం అప్పజెప్పే పిల్లలా మొదలుపెట్టేది. జ్వరమున్నా, దగ్గున్నా, వాసన తెలియకపోయినా టెస్టు చేయించుకోండి. ఫలితం వచ్చేదాకా గది దాటకండి. ఒకరి ఎంగిలి ఒకరు తాగకండి. కిటికీలు తెరిచి ఉంచండి, గాలి ఆడనివ్వండి. ఆఖర్న ఒక మాట ఉండేది. దాన్ని మాత్రం కాస్త గొంతు పెంచి చెప్పేది: టెస్టులో లేదని వచ్చినా ఒంట్లో బాగాలేకపోతే ఉన్నట్టే లెక్క, విడిగానే ఉండి మళ్లీ చేయించుకోండి.

ఈ ఆఖరి మాట వినే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. అప్పటికే తలుపు సగం మూసుకుపోయేది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఆ రోజుల్లో వినేవాళ్లకే చెప్పేవాళ్లు లోకువ. "లేదని వచ్చాక కూడా ఉన్నట్టేనంటే, ఇక టెస్టు ఎందుకమ్మా?" అని మూలమీది దర్జీ అడిగాడు. ఆమె విసుక్కోకుండా, కేంద్రంలో నర్సు చెప్పింది చెప్పినట్టు వివరించింది. జబ్బు ఒంట్లో దూరిన కొత్తలో ముక్కులో పుల్ల పెట్టి ఎంత తిప్పినా ఒక్కోసారి దొరకదు, తర్వాతెప్పుడో బయటపడుతుంది.

"అంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు, పోలీసులొచ్చినప్పుడు మంచం కింద దూరాడు. అంతేగా?" అన్నాడు దర్జీ.

"అంతే," అంది జాగ్రత్తమ్మ. మాట బాగుందని తర్వాత నాలుగిళ్లలో తనూ వాడుకుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. జాగ్రత్తమ్మ రచ్చలో గెలిచిందో లేదో గానీ ఇంట్లో మాత్రం ఆమె మాటకు చిల్లిగవ్వ విలువ ఉండేది కాదు. ముందు రెండు గదుల ఇల్లు, వెనక గాజు పని చేసే కొట్టం. అందులో ఇద్దరు అన్నదమ్ములు. అన్నకు వీధి పెట్టిన పేరు నిప్పుకోడి. పొడుగాటి మెడ, ఎప్పుడు చూసినా కొలిమి ముందే. పేరు దానంతటదే వచ్చి అతుక్కుంది. పెళ్లి చేసుకోలేదు. కొలిమినే కట్టుకున్నాడు, ఇక రెండో పెళ్లాం ఎందుకని ఇరుగుపొరుగు నవ్వేవారు. తమ్ముడి పేరు తిత్తి. ఒక్క ఊపిరితో గుమ్మడికాయంత గాజుబంతి ఊదగల మొనగాడు. జాగ్రత్తమ్మ కట్టుకున్నది ఈ తిత్తినే.

వాళ్లు చేసేవి గాజుబంతులు. ఒకప్పుడు చేపల వలలు మునిగిపోకుండా అంచుల్లో కట్టేవారు. ప్లాస్టిక్ వచ్చాక జాలర్లు మానేశారు, దుకాణాల వాళ్లు అలంకారానికి వేలాడదీయడం మొదలుపెట్టారు. పని తీరు మాత్రం తాతల నాటిదే. గాజు కరిగే మట్టికుండను మూస అంటారు. అది కొలిమి నడిబొడ్డున కూర్చుని ఉంటుంది. అన్న ఇనుప గొట్టం కొసను మూసలో ముంచి తిప్పి, కరిగిన గాజును ముద్దగా చుట్టుకుంటాడు. మొదటి ఊపిరి అతనిది. నిమ్మకాయంత బుడగ లేస్తుంది. దానికి మళ్లీ ఒకసారి నిప్పు చూపించి గొట్టం తమ్ముడికి అందిస్తాడు. రెండో ఊపిరి, పెద్ద ఊపిరి, తిత్తిది. బంతి నిండగానే గొట్టం నుంచి తెంచి, ఆ కన్నం మీద ఒక గాజుచుక్క అద్ది మూసేస్తారు. లోపలి ఊపిరి లోపలే ఉండిపోతుంది. ఆ తర్వాత కొలిమి పక్కనే, కొలిమి వేడితోనే నడిచే అరలో పెట్టి నిదానంగా చల్లారుస్తారు.

ఇందులో జాగ్రత్తమ్మకు కంటగింపుగా ఉన్నది ఒక్కటే. ఒకే గొట్టం, రెండు నోళ్లు. అన్న నోట్లోంచి తీసిన గొట్టం ఆ క్షణమే తమ్ముడి నోట్లోకి వెళ్లేది. మధ్యలో చొక్కా అంచుతో ఒక తుడుపు తుడిస్తే తుడిచినట్టు, లేకపోతే లేదు. గాజు ఆగదు. కడిగి ఆరబెట్టేలోపు రాయైపోతుంది. తండ్రి బతికున్నప్పుడు ముగ్గురిదీ అదే గొట్టం. ఎంగిలి అన్న మాట ఆ కొట్టంలో ఎవరూ ఎన్నడూ అనుకోలేదు.

"బావగారూ, వీధంతా తిరిగి ఒకరి గ్లాసు ఒకరు ముట్టుకోకండని చెప్పొస్తున్నాను. మీరిద్దరూ రోజంతా ఒకరి నోటిది ఒకరు నోట్లో పెట్టుకుంటే ఎలాగండీ?" అని ఒకరోజు అడిగేసింది.

నిప్పుకోడి కొలిమి మూత పక్కకు జరిపి లోపలికి చూపించాడు. కళ్లు చెదిరే వెలుగు. "చూడమ్మాయ్. ఇసుక నీళ్లయ్యే చోటు ఇది. ఇనుమే ఎర్రబడిపోతోంది. కంటికి కనపడని నీ పురుగు ఇక్కడ బతికి బట్టకడుతుందా?"

"ఆ కొస ఎర్రగా ఉందండీ. మీరు నోరు పెట్టే ఈ కొస చల్లగానే ఉంది కదా."

"రెండు కొసలున్నా గొట్టం ఒకటేగా," అన్నాడు అతను. ఎంతో గొప్ప రహస్యం చెప్పినట్టు తలూపాడు. ఆ కొట్టంలో పుట్టి పెరిగినవాళ్లు తప్ప ఇంకెవరూ అలా అనుకోరు. వాళ్లకు నిప్పు మీద ఉన్న నమ్మకం అలాంటిది. అప్పుల వాళ్ల నుంచి ఆకలి దాకా దేన్నైనా అది కాల్చేస్తుందని చిన్నప్పటి నుంచీ విన్నారు.

జాగ్రత్తమ్మ ఊరుకోలేదు. మందుల దుకాణం నుంచి రెండు రబ్బరు మూతులు తెచ్చింది, నోరు పెట్టే కొసకు తొడగడానికి, ఎవరిది వారికి. తిత్తి పెళ్లాం మాట కాదనలేక కొన్నాళ్లు వాడాడు. రబ్బరు జారింది, ఊపిరి పక్కకు పోయింది, బంతి సొట్టపోయింది. నిప్పుకోడి ఆ రబ్బరును పట్టకారుతో పట్టుకుని కొలిమిలో వేశాడు. వాసనకు ముగ్గురూ బయటికి పరుగెత్తారు. తిత్తి గోడకు చేరబడి ఒకటే నవ్వు. "నీ జాగ్రత్త కంపు కొడుతోందే," అన్నాడు. ఆమెకూ నవ్వొచ్చింది. కోపం తెచ్చుకోవాల్సిన చోట నవ్వింది, దాన్నే తర్వాత తలుచుకుని తలుచుకుని కుమిలింది.

అన్నకు దగ్గు మొదలైంది. పొగ అన్నాడు. బొగ్గు మంచిది కాదన్నాడు. సాయంత్రానికి కళ్లు ఎర్రబడ్డాయి, కొలిమి వేడి అన్నాడు. నిప్పు లేనిదే పొగ రాదని అందరికీ తెలుసు, అయినా తన ఇంట్లో పొగ వచ్చినప్పుడు మనిషి నిప్పును వెతకడు. జాగ్రత్తమ్మ రోజూ రాత్రికి కేంద్రానికి ఫోన్ చేసి ఫలానా ఇంట్లో దగ్గు, ఫలానా ఇంట్లో జ్వరం అని చెప్పాలి. తన ఇంటి మాట చెప్పలేదు. రేపు చెబుదామనుకుంది. ఆ రేపు కూడా చెప్పలేదు.

ఆమె పిరికిది కాదు. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఉందని తేలితే ముగ్గురినీ గదుల్లో పెడతారు, కొట్టానికి తాళం వేస్తారు. కొలిమిలో బొగ్గు వేసేవాడుండడు. ఒకసారి కాలిన మూస మళ్లీ చల్లారిందంటే నిలువునా పగులుతుంది, అందుకే కొలిమిని వాళ్లు ఏళ్ల తరబడి ఆర్పలేదు. కొత్త మూస కొందామంటే, వీళ్లకు మూసలు చేసిచ్చే కుమ్మరి ఆ పని ఎప్పుడో కట్టిపెట్టాడు. ఉన్నది ఆఖరి మూస. అది పోతే కొట్టం పోయినట్టే, కొట్టం పోతే ఆ అన్నదమ్ములకు ఇంకే పనీ రాదు. ఇటు చూస్తే మొగుడి ఊపిరి, అటు చూస్తే మొగుడి బతుకు. అడకత్తెరలో పోకచెక్కలా నలిగింది.

చివరికి ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర పట్టుబట్టింది. "బావగారూ, టెస్టు చేయించుకోండి. మీరు వెళ్లకపోతే నేను కేంద్రానికి ఫోన్ చేస్తాను, వాళ్లే ఇంటికొస్తారు."

నిప్పుకోడి చెయ్యి కడుక్కుని వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. "వెళ్తానమ్మాయ్. కానీ ఒక మాట. లేదని వచ్చిందనుకో, ఇక ఈ ఇంట్లో ఈ ఊసెత్తకూడదు. నీ పాఠం వీధిలో చెప్పుకో, కొట్టంలో చెప్పొద్దు. సరేనా?"

తిత్తి పెళ్లాం వైపు చూశాడు. సరేనను, అని కళ్లతోనే బతిమాలాడు. అన్నకూ పెళ్లానికీ మధ్య నలిగినవాడు అతను కూడా.

"సరే బావగారూ," అంది.

తన పాఠంలో ఆఖరి మాటను ఆమె అలా ఆ పూట అమ్మేసుకుంది. అప్పుడు ఆమెకు అలా అనిపించలేదు. మొండివాణ్ణి కదిలించాను, అంతే చాలనుకుంది.

టెస్టు చేసేచోట వరసలో నిప్పుకోడి ముందూ వెనకా అందరినీ నవ్వించాడట. ముక్కులో పుల్ల పెట్టినప్పుడు "ఇంకా లోపలికి పెట్టు నాయనా, మా తాత ముక్కు కూడా తగులుతుందేమో చూడు" అన్నాడట. ఫలితం మర్నాడు ఫోన్‌కు వచ్చింది. లేదని. నెగటివ్ అన్న ఒక్క ముక్క చూసి తిత్తి అన్నను కావలించుకున్నాడు. నిప్పుకోడి ఫోన్ పట్టుకుని వీధి చివరిదాకా వెళ్లి దర్జీకి కూడా చూపించి వచ్చాడు.

జాగ్రత్తమ్మ వంటగదిలో నిలబడి ఉంది. ఆఖరి మాట నోటిదాకా వచ్చింది. రోజూ ఇంతమందికి చెప్పే మాట, నిద్రలో లేపినా తప్పకుండా చెప్పగల మాట. అన్న ఇంకా దగ్గుతూనే ఉన్నాడు. ఆమె చెవులకు వినిపిస్తూనే ఉంది. కానీ మాట ఇచ్చింది. అదొక్కటే కాదు, ఆమెకు సంతోషంగా ఉంది. ఎన్నాళ్లకో గుండె మీది బండ దిగింది, దాన్ని మళ్లీ తన చేత్తో తను ఎత్తుకోవాలనిపించలేదు. అందరిలాగే ఆమె కూడా లేదన్న మాటను గట్టిగా పట్టుకుంది. పొయ్యి వెలిగించి, వెళ్లి ఇంటి కిటికీలు బార్లా తెరిచింది. ఆ పాటి జాగ్రత్త చాలనుకుంది.

కొట్టంలో గొట్టం మళ్లీ చేతులు మారింది. అన్న దగ్గి, గొంతు సవరించుకుని, మొదటి ఊపిరి ఊది తమ్ముడికిచ్చేవాడు. తమ్ముడు నోరు పెట్టేవాడు.

తిత్తికి జబ్బు చేసిందని జ్వరం కంటే ముందు గాజు చెప్పింది. ఒకరోజు అతను ఊదిన బంతి గుమ్మడికాయంత రాలేదు. బత్తాయంత వచ్చి ఆగిపోయింది. ఇంకోసారి ఊదాడు, బుగ్గలు పొంగాయి, మెడ నరాలు తేలాయి, బంతి మాత్రం పెరగలేదు. నిప్పుకోడి "ఏంట్రా, నిద్ర చాల్లేదా?" అన్నాడు. తిత్తి ఆ బంతి కన్నం మూసి, చల్లారే అరలో పెట్టి, వచ్చి నేల మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు లేవలేదు.

జాగ్రత్తమ్మ వీధి నుంచి వచ్చేసరికి అతను కొట్టం గోడకు ఆనుకుని ఉన్నాడు. సంచిలోంచి క్లిప్పు తీసి అతని వేలికి తగిలించింది. ఎంతోమంది వేళ్లకు తగిలించిన క్లిప్పే. అంకె కనపడింది. ఇంతకంటే తగ్గితే ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి అని గుమ్మం గుమ్మానికీ చెప్పే అంకె ఒకటుంది. ఇది దానికి చాలా కింద ఉంది. క్లిప్పు పాడైందేమోనని తన వేలికి పెట్టుకుని చూసింది. క్లిప్పు బాగానే ఉంది.

"ఏవండీ, ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?"

"నిన్నా మొన్నా... కొంచెం ఆయాసం," అన్నాడు తిత్తి. "నీకు చెబితే పాఠం మొదలెడతావని."

అంబులెన్సు వచ్చి తీసుకెళ్లింది. వెంట ఎవరినీ రానివ్వలేదు. అతను ఎక్కేటప్పుడు వెనక్కి తిరిగి అన్న వైపు చూసి, "మూస జాగ్రత్త" అన్నాడు. ఇంట్లో మిగిలిన ఇద్దరికీ టెస్టు చేశారు. ఇద్దరికీ ఉంది. చేతులు కాలాక పట్టుకునే ఆకుల్లాగా అన్నీ వరసగా జరిగాయి. ఏ గుమ్మాలకైతే తను ఇంట్లో జబ్బుందని తెలిపే కాగితాలు అంటించేదో, ఆ గుమ్మాల వరసలోనే తన గుమ్మానికీ ఒకటి అంటించారు. ఆమె ముందు గదిలో, బావగారు వెనక గదిలో. కొట్టానికి తాళం పడింది.

నిప్పుకోడి ఆ తాళాన్ని లెక్కచేయలేదు. వెనక కప్పు పెంకులు ఎత్తి లోపలికి దిగాడు. ఒళ్లు కాలుతున్న మనిషి బొగ్గు బుట్ట ఎత్తబోయాడు, రెండు పారలు వేశాడు, దగ్గు తెర ముంచుకొచ్చి అక్కడే బోర్లా పడ్డాడు. జాగ్రత్తమ్మ కూడా అదే దారిన దిగి, ఇంటివైపు తలుపుకు లోపల వేసి ఉన్న గడియ తీసి, జ్వరంతో వణుకుతూ అతన్ని కొట్టంలోంచి గదిలోకి ఈడ్చుకొచ్చి పడుకోబెట్టింది. మళ్లీ కొట్టంలోకి వెళ్లి కొలిమి ముందు నిలబడింది. ఒక బుట్ట వేయగలిగింది. రెండోది ఎత్తలేకపోయింది. మంట నివురు కప్పుకుంటుంటే చూస్తూ నిలబడింది. తనకు బొగ్గు వాసన, పొగ వాసన ఏదీ తెలియడం లేదని అప్పుడు గమనించింది.

మర్నాడు పొద్దున కొట్టంలోంచి ఒక చప్పుడు వినిపించింది. పెద్దదేం కాదు. ఎండలో కట్టె చీలినట్టు ఒక్క చప్పుడు. వెనక గదిలో నిప్పుకోడి "అయిపోయింది" అన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆసుపత్రి నుంచి తిత్తి ఫోన్ ఆ సాయంత్రమే వచ్చింది. ఎవరో నర్సు పట్టుకుని ఉంటే మాట్లాడుతున్నాడు. ఒక్కో మాటకూ మధ్య చాలాసేపు ఊపిరి చప్పుడే వినిపించేది.

"కొలిమి?"

"మండుతూనే ఉందండీ."

"అన్న ఒక్కడే వేస్తున్నాడా... బొగ్గు?"

"నేనూ వేస్తున్నాను."

"నువ్వా? ... జాగ్రత్త." అతను నవ్వబోయాడని ఆమెకు తెలిసింది. నవ్వు దగ్గైంది. అది తగ్గాక, "కిటికీలు తెరిచావా?" అన్నాడు.

"తెరిచాను."

"నేను రాగానే... ఆ చిన్న బంతి పగలగొట్టి మూసలో వేసెయ్యాలి. సిగ్గుగా ఉంది. బత్తాయంత..."

"అలాగే, ముందు మీరు రండి," అంది. ఆ తర్వాత నర్సు ఫోన్ తీసుకుంది.

అతను రాలేదు. రెండు రోజుల తర్వాత అదే నంబరు నుంచి ఇంకెవరో ఫోన్ చేసి, మర్యాదగా, మెల్లగా చెప్పారు. ఒకరోజులో ఇంకా ఎంతమందికి అదే మాట చెప్పాలో పాపం ఆ మనిషి. ఎవరో తీసుకెళ్లారు, ఎవరో సాగనంపారు. గుమ్మం మీది కాగితం ఇంకా తీయలేదు కాబట్టి ఆమె గడప దాటలేదు. వీధివాళ్లు ఎదురింటి అరుగుల మీద నిలబడి అల్లంత దూరం నుంచే ఏడ్చారు. దూరంగా నిలబడమని నేర్పింది ఆమే. బాగా నేర్చుకున్నారు.

నిప్పుకోడి బతికాడు. బతికాడనే అనాలి. కొట్టం తాళం తీసిన రోజు గోడ పట్టుకుంటూ వెళ్లి గొట్టం చేతిలోకి తీసుకున్నాడు, అలవాటుగా నోట్లో పెట్టుకుని ఊదాడు. ఈల కూడా రాలేదు. మూస లోపల నిలువునా చీలిపోయి, గడ్డకట్టిన గాజును పట్టుకుని ఉంది. గొట్టాన్ని గోడకు ఆనించి కింద కూర్చున్నాడు.

"నేనే కదమ్మాయ్ వాణ్ణి చంపింది," అన్నాడు.

జాగ్రత్తమ్మకు అవును అనాలనిపించింది. ఆ రబ్బరు మూతిని కొలిమిలో వేసిన చెయ్యి ఇదే, లేదని వచ్చిందని వీధి చివరిదాకా ఊరేగిన ఫోన్ ఈ చేతిలోదే. తిట్టడానికి ఎన్ని మాటలు కావాలో అన్నీ ఉన్నాయి. కానీ తిట్టాలంటే ముందు తన దగ్గర మొదలుపెట్టాలి. అతనికి తెలియదు కాబట్టి చేశాడు. తనకు తెలుసు.

"నేనూ సరేనన్నాను కదండీ," అంది.

చల్లారే అర తలుపు తీశారు. కొలిమి వేడి హఠాత్తుగా పోవడంతో లోపలి బంతులన్నీ పగిలి పెంకులై ఉన్నాయి. ఒక్కటి మాత్రం చెక్కుచెదరలేదు. వెనక మూలన, బత్తాయంతది. తిత్తి ఆఖరిసారి ఊది, సిగ్గుపడినది. ఆమె దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆకుపచ్చగా, కాస్త ఒక పక్కకు ఒరిగి, తేలిగ్గా ఉంది. లోపల అతని ఊపిరి ఉంది. ఆసుపత్రిలో ఎంత వెతుక్కున్నా దొరకని ఊపిరి, ఇంత ఇక్కడ దాచిపెట్టి వెళ్లాడు.

"అది నిలవదమ్మాయ్," అన్నాడు నిప్పుకోడి. "నిదానంగా చల్లారని గాజు అది. ఇవాళ బాగున్నట్టే ఉంటుంది. లోపల బిగువు ఉండిపోతుంది, ఎప్పుడో ఒకప్పుడు ఎవరూ ముట్టుకోకపోయినా పగులుతుంది. చూసి చూసి ఏడవడమెందుకు, ఇప్పుడే పగలగొట్టెయ్."

ఇలాంటి మాటే తను వీధంతా చెప్పుకుని తిరిగేది. ఇవాళ ఏమీ లేనట్టే ఉంటుంది, తర్వాత బయటపడుతుంది. అప్పుడు ఎవరూ వినలేదు, ఇప్పుడు తనూ వినలేదు. బంతిని తెచ్చి ముందు గది కిటికీ పక్కనున్న గూట్లో, కింద మెత్తటి గుడ్డ వేసి పెట్టింది.

కేంద్రం వాళ్లు మళ్లీ పనిలోకి రమ్మన్నారు. వెళ్లింది. ఇంట్లో కూర్చుంటే వెనక గదిలో దగ్గు వినాలి. వీధివాళ్లు ఇప్పుడు తలుపు సగం మూయడం మానేశారు. పాఠం అంతా, ఆఖరి మాట దాకా, తల వంచుకుని విన్నారు. విన్నంత మాత్రాన చేశారని కాదు. దర్జీ ఇంట్లో అతని కొడుకు దగ్గుతున్నాడు. లేదని వచ్చిందమ్మా, నిన్ననే వచ్చింది, అని దర్జీ ఫోన్ చూపించాడు. మంచం కింది దొంగ సంగతి ఆమె గుర్తుచేసింది. "నిజమేనమ్మా. కానీ వాడు పనిలోకి వెళ్లకపోతే ఎలా?" అన్నాడు. అతని గొంతులో వెటకారం లేదు. మెట్టు దిగుతుంటే కొడుకు చెప్పులు వేసుకుని ఆమెను దాటుకుంటూ పనికి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చింది. చేతులు కడుక్కుంది. మాస్కు తీయకుండానే మంచం అంచున కూర్చుంది. తెరిచిన కిటికీలోంచి గాలి బాగా వస్తోంది. బావగారు అన్న మాట ఎందుకో తలపులోకి వచ్చింది. నిప్పు దగ్గర ఏ పురుగూ బతకదన్నాడు. ఆ కొసన అది నిజమే. గాజులోకి వెళ్లిన ఊపిరి ఆ వేడికి శుభ్రపడే ఉంటుంది. ఈ కొసనే అబద్ధమైంది. మనుషులు నోరు పెట్టింది ఈ కొసన.

గూట్లో టిక్కుమని చప్పుడైంది.

ఆమె తలతిప్పి చూసింది. ఎవరూ ముట్టుకోలేదు. బంతి గుడ్డ మీదే రెండు చిప్పలుగా విడిపోయి ఉంది.

ఒక్క ఉదుటున లేచి కిటికీ మూసింది. గడియ వేసింది. రెండో కిటికీ కూడా మూసింది, తలుపు మూసింది, తలుపు కింద సందులో చీర కుక్కింది. ఇంటింటికీ తిరిగి వీధి కిటికీలన్నీ తెరిపించిన మనిషి, అన్నీ మూసుకుని గది మధ్యలో నిలబడింది. మాస్కు లాగి పారేసి, నోరంతా తెరిచి, గుండెల నిండా గాలి పీల్చింది. ఇంకోసారి పీల్చింది. గూటి దగ్గరికి వెళ్లి, చిప్పల మీదికి వంగి మళ్లీ పీల్చింది.

జబ్బు చేసినప్పుడు పోయిన వాసన ఆమెకు ఇంకా తిరిగి రాలేదు. ఏమీ తెలియలేదు.